బెంగుళూరునకు రెండు ప్రయాణములు

మన పెద్దల కాలములో ఆడువారికి ప్రయాణమనగా తిరుపతి కొండకో, గంగాస్నానమునకో, కాకున్న పుట్టింటికో పోవుట. ఇప్పుడు మఱియొక యాత్ర మన పాలికి వచ్చినది. బి.టెక్. ముగించుచున్న కుమార్తెను వెంటబెట్టుకొని, పైచదువులలో ప్రవేశమునకై జరుగు ఇంటర్వ్యూలకు ఊరుగాని ఊరు పోవుట. ఈ యాత్రకు పంచాంగము లేదు. స్థలపురాణము చెప్పువారును లేరు. గత సంవత్సరము మేము అనంతపురమునుండి బెంగుళూరునకు ఇట్టి ప్రయాణములు రెండు చేసితిమి. మొదటిది మాఘమాసాంతమున, వాణిజ్య నిర్వహణ విద్యకై. రెండవది వైశాఖమున, ఇంజనీరింగు విద్యకై. ఒకటి చెడినది, ఒకటి ఫలించినది. రెండింటివలనను మేము నేర్చుకొన్నది కొంత కలదు. ఇట్టి పిలుపు వచ్చి, పెట్టెలో నేమి సర్దవలయునో తోచక కూర్చున్న తల్లులకు ఉపయోగపడునేమో యని వ్రాయుచున్నాము.

మా అమ్మాయి మా యూరి కళాశాలలో విద్యుచ్ఛక్తి శాఖలో చదివినది. కడపటి సంవత్సరమున రెండు పరీక్షలు వ్రాసెను. నవంబరు నెలాఖరున జరుగునది క్యాట్, ఐ.ఐ.ఎం.లకును, మఱి యనేక వాణిజ్య విద్యాలయములకును ఇదియే తలవాకిలి. ఫిబ్రవరిలో జరుగునది గేట్, ఎం.టెక్. మొదలగు చదువులకు ఇది కావలయును. క్యాట్ ఫలము ఆ యేటి ప్రవేశములకే చెల్లును. గేట్ ఫలము మూడు సంవత్సరములు చెల్లును. అయితే వీనిలో మంచి మార్కులు వచ్చినంతమాత్రమున చాలచోట్ల సీటు వచ్చినట్లు కాదు, వాకిటివఱకు వచ్చినట్లు మాత్రమే. లోనికి రానిచ్చుటకు ముందు ఎదుట కూర్చుండబెట్టి మాటలాడి చూతురు. అదియే ఇంటర్వ్యూ.

మా అత్తగారు ఈ సంగతి విని, “అయితే ఇదీ పెండ్లిచూపుల వంటిదేనే. తల వంచుకొని కూర్చో, అడిగినదానికి మెల్లగా చెప్పు, అంతే” అని మనుమరాలికి బోధించిరి. అందఱమును నవ్వితిమి. ఆ మాట మాకు తరువాత చాలసార్లు జ్ఞప్తికి వచ్చినది.

వాణిజ్యవిద్యవైపు మొగ్గు మా బావగారిది. ఆయన కుటుంబమునకు పెద్ద, మాట తోసివేయరానివారు. ఐ.ఐ.ఎం. పట్టా చేతికి వచ్చినచో ఇంటి బరువు ఒక్కసారిగా దిగునని వారి తలంపు. మావారికి రెండేండ్లలో ఉద్యోగవిరమణ. పెద్దపిల్ల పెండ్లికి చేసిన యప్పు ఇంకను నిలిచియున్నది. కనుక మేమును ఔననియే యంటిమి. అమ్మాయి కాదనలేదు. కాదనకపోవుటయే ఔననుట యని మేమనుకొంటిమి.

ఐ.ఐ.ఎం. బెంగుళూరునుండి పిలుపు వచ్చినంతనే ఊరిలోని యొక శిక్షణాలయమున చేర్చితిమి. వారు రెండువందల ప్రశ్నలును, వానికి జవాబులును అచ్చువేయించిన పుస్తకమొకటి యిచ్చిరి. ‘నీవు మేనేజిమెంటు ఏల చదువదలచితివి? నీ బలమేమి? నీ లోపమేమి? పదియేండ్ల తరువాత ఎచ్చట నుందువు?’ ఇట్లు సాగును. రాత్రి భోజనములైన పిమ్మట ఆ జవాబులు అప్పజెప్పించుకొన్నది మేమే. చిన్ననాడు ఎక్కములు అప్పజెప్పించుకొన్నట్లు, ఒక్క మాట తప్పినను మరల మొదటినుండి చెప్పించితిమి. ఆ దోషములో మా పాలెంతో ముందుగానే ఒప్పుకొనుచున్నాము.

ఇక ప్రయాణము. తెల్లవాఱుజామున చిత్రాన్నము, పెరుగన్నము కట్టుకొని రైలెక్కితిమి. ధర్మవరము పట్టుచీరలకు పేరుపొందినదని అందఱకును తెలియును. అది దాటిన కొంతసేపటికి పెనుగొండ కొండ కానవచ్చును. 1565వ సంవత్సరమున తళ్ళికోట యుద్ధమున విజయనగరము కూలిన తరువాత రాయల వంశమువారికి రాజధానియై నిలిచిన దుర్గమిది. ఆ ప్రాంతముననే యెఱ్ఱమంచి గ్రామమున కొరియా దేశపు కియా కంపెనీవారి కార్ల కర్మాగారము 2019వ సంవత్సరమునుండి కార్లు తయారుచేయుచున్నది. ఒకప్పుడు ఏనుగులు, గుఱ్ఱములు నడచిన నేలపై ఇప్పుడు క్రొత్త కార్లు వరుసదీరి నిలుచున్నవి. “అమ్మాయీ, చూడు, పెనుగొండ!” అంటిమి. అమ్మాయి పుస్తకమునుండి కన్నెత్తక, “ఉండమ్మా, ముప్పదో ప్రశ్నలో ఉన్నాను” అనెను. హిందూపురము వచ్చినది, పోయినది. గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురము దాటితిమి. మన మాట పోయి కన్నడము వినవచ్చెను. ఆమె తల యెత్తలేదు.

యశ్వంతపురములో దిగితిమి. అచ్చటినుండి మెట్రో రైలెక్కినచో జయనగరమునకు సుఖముగా పోవచ్చును. బెంగుళూరు వీథులలో ఆటో యెక్కినవారికి కాలము తమ చేతిలో నుండదు. జయనగరమున మా దూరపు బంధువుల ఇంట ఆ రాత్రి యుంటిమి. ఇది ముఖ్యముగా చెప్పదగినది. ఇంటర్వ్యూ యున్న యూరికి ముందునాడే చేరవలయును. ఆనాటి యుదయమే రైలు దిగి పరుగెత్తిన పిల్ల సగము బలమును త్రోవలోనే వదలిపెట్టును.

ఐ.ఐ.ఎం. బెంగుళూరు 1973వ సంవత్సరమున స్థాపింపబడినది. బన్నేరుఘట్ట రోడ్డుపై సుమారు నూఱెకరముల తోటలో నున్నది. దీనికి రూపకల్పన చేసినవారు బాలకృష్ణ దోషిగారు. వాస్తుశిల్పులకు ప్రపంచములో గొప్పదిగా నెంచబడు ప్రిట్జ్‌కర్ బహుమానమును 2018వ సంవత్సరమున అందుకొన్న ప్రథమ భారతీయుడు. అక్బరు కట్టించిన ఫతేపూర్ సిక్రీని మనసులో నుంచుకొని దీనిని నిర్మించిరట. గోడలకు పూత లేదు. బూడిదరంగు రాయి రాయిగానే యున్నది. పొడవైన నడవలు, వానిపై కొంత కప్పు, కొంత ఆకాశము. స్తంభముల నల్లుకొన్న తీగెలు. నడుమ నడుమ ముంగిళ్ళు. నీడయు ఎండయు నేలపై గళ్ళు గళ్ళుగా పడుచుండును. దేవాలయ ప్రాకారములో నడచినట్లే యుండెను. పరీక్షకు వచ్చిన పిల్లలు మాత్రము గోడల వంక చూచుటలేదు; తమ చేతిలోని కాగితములనే చూచుకొనుచుండిరి.

మొదట పత్రములను సరిచూతురు. తరువాత చిన్న వ్యాసము వ్రాయింతురు; విషయమప్పుడే యిచ్చి, అరగంటకు మించని వ్యవధిలో వ్రాయుమందురు. పూర్వము పదిమందిని కూర్చుండబెట్టి చర్చ చేయించెడివారు, ఇప్పుడు ఐ.ఐ.ఎం.లలో చాలవఱకు ఆ చర్చకు బదులు ఈ వ్యాసము వచ్చినది. మఱికొన్ని విద్యాలయములలో చర్చ ఇంకను కలదు. వ్యాసములో పెద్ద మాటలు గాక, ఒక విషయమునకు రెండు ప్రక్కలను చూచి, తన తీర్పును సూటిగా చెప్పగలరా లేదా యని చూతురు. ఆ పిమ్మట ఒక్కొక్కరిని లోనికి పిలుతురు. ఎదుట ఇరువురో ముగ్గురో పెద్దలుందురు. ఇరువది నిమిషములకు కొంచెము అటునిటుగా మాటలు సాగును.

మేము బయట ఒక రాతి అరుగుపై కూర్చుండి, తక్కిన తల్లులతో పరిచయము చేసికొంటిమి. బయటకు వచ్చిన పిల్లలు చెప్పినదంతయు కూడగట్టగా ఈ ప్రశ్నల తీరు కొంత తెలిసినది. తాము చదివిన చదువులోనుండి తప్పక అడుగుదురు. ఇంజనీరింగు చదివి ఇటు వచ్చితిమి గదా, దాని పని యిక లేదు అనుకొనరాదు. ఉద్యోగము చేసినవారిని వారి కంపెనీ లాభమెట్లు సంపాదించునని అడుగుదురు. రిజర్వు బ్యాంకువారు వడ్డీరేటు పెంచినచో ఇంటి అప్పు తీసికొన్నవారికేమగును, జి.ఎస్.టి. యన నేమి యని అడుగుదురు. వినోదమునకై ఏమి చేయుదురో వ్రాసికొన్నచో అచ్చటనే త్రవ్వుదురు. కూచిపూడి నేర్చుకొన్నానని వ్రాసికొన్న యొక పిల్లను, భరతనాట్యమునకును దానికిని భేదమేమి యని అడిగిరట. ఆమె పళ్ళెముపై నిలిచి చేయు తరంగమును వర్ణించి చెప్పగా చాల మెచ్చుకొనిరట. చదువుటయే వినోదమని వ్రాసికొన్న పిల్లవాడు కడపట చదివిన పుస్తకము పేరు చెప్పలేక నీళ్ళు నమలెనట.

మా అమ్మాయి బయటకు వచ్చెను. నవ్వుటలేదు, ఏడ్చుటలేదు. “ఏమడిగిరి?” అని వెంటనే అడిగితిమి. అట్లు అడుగరాదని అప్పటికి మాకు తెలియదు. ఆమె నడవ చివరివఱకు మాటలాడక నడచి, అచ్చట చెప్పసాగెను.

“మీ యూరేదని అడిగారమ్మా. అనంతపురమన్నాను. అక్కడేం పండుతుందన్నారు. శెనక్కాయలన్నాను. అంత తక్కువ వాన పడేచోట అదే ఎందుకు వేస్తారు, పంట పోతే రైతు ఏం చేస్తాడు, ధర ఎవరు కట్టిస్తారు అన్నారు. నాకేమీ తెలియలేదు. మన చేనేనమ్మా! తాత వేసిన చేనే! అయినా తెలియలేదు. తరువాత మేనేజిమెంటు ఎందుకన్నారు. నేర్చుకొన్నది చెప్పాను. వారిలో పెద్దాయన నవ్వి, ‘ఈ జవాబు ఈ ఉదయం ముగ్గురు చెప్పారమ్మా, ఇప్పుడు నీ మాట చెప్పు’ అన్నారు. నా మాట ఏదో నాకే తెలియలేదు.”

వారు కఠినముగా మాటలాడలేదనియు, మంచినీరిచ్చి కొంచెము వ్యవధి యిచ్చిరనియు ఆమెయే చెప్పెను. ఆ మంచితనమే ఆమెను ఎక్కువ నొప్పించినట్లు తోచినది. మేము ఆమె చేయి పట్టుకొని ఆ రాతి మెట్లపై కూర్చుంటిమి. ‘నీకేమి కావలయును?’ అను ప్రశ్నను ఇరువదిరెండేండ్ల పిల్లను పరాయివారు అడుగువఱకు ఇంటివారము మేమడుగలేదే యని అప్పుడు తట్టినది. శిక్షణాలయమువారి పుస్తకమును తప్పుపట్టి లాభము లేదు. ఆమె నోట పెట్టిన మాటలలో సగము వారివి, సగము మావి.

తిరుగు ప్రయాణములో పుస్తకము సంచిలోనే యుండెను. హిందూపురము దాటిన తరువాత ఆమె కిటికీలోనుండి చూచుచు, “అమ్మా, అందఱూ శెనక్కాయలే ఎందుకు వేస్తారు?” అని అడిగెను. మాకు తెలిసినంత చెప్పితిమి. పాత అనంతపురము జిల్లాలో ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే పడును. ఆ యెఱ్ఱనేలలో, ఆ కొంచెపు వానకు, తాళగలిగిన పంటలలో చేతికి రొక్కము తెచ్చునది ఇది. పంట పోయినను కట్టె పశువులకు మేతయగును. ఇది మా మామగారు చెప్పగా విన్న మాట. “ఇది అక్కడ చెప్పి ఉంటే చాలేదేమో” అని ఆమె నవ్వెను. ఆనాటికి అదియే మొదటి నవ్వు.

ఇంటికి వచ్చిన రాత్రి, మావారి యెదుట, అడుగవలసిన ప్రశ్నను ఆలస్యముగా నడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, “నాకు మోటార్లంటే ఇష్టం నాన్నా. కరెంటు ఒకచోట పుట్టి, ఇంకొకచోట తిరగడం చూస్తుంటే నాకు వేరే ఏదీ అక్కఱలేదనిపిస్తుంది. గేట్ అందుకే వ్రాశాను” అనెను. మావారు, “అయితే అది చదువు” అనిరి. బావగారికి ఉత్తరము వ్రాయు పని మాత్రము మా పైన పడినది. వారు ఒక నెల మాతో సరిగా మాటలాడలేదు.

ఆ వేసవిలో అమ్మాయి మా మఱది యుండు పల్లెకు పోయి పదిదినములుండెను. అచ్చట బోరుబావి మోటారు ఏటేట వేసవిలో మాడిపోవును. మరల తీగె చుట్టించుటకు వేలు ఖర్చగును. “కరెంటుకు బలం లేదమ్మా, అందుకే కాలిపోతుంది” అని మా మఱది చెప్పినదానిని ఆమె నోటుపుస్తకములో వ్రాసికొని, స్టార్టరు పెట్టె మీది ముల్లు ఏ గంటకు ఎంత చూపుచున్నదో దినమెల్ల గుర్తువేసికొనెను. పొలమునకు పోయినవారు, “ఇంజనీరు చదివి బోరుకాడ కూర్చున్నది” అని నవ్వుకొనిరట.

వైశాఖమున రెండవ ప్రయాణము. ఈసారి యశ్వంతపురములో దిగి దూరము పోనక్కఱలేదు. భారతీయ విజ్ఞాన సంస్థ దగ్గఱలోనే యున్నది. ఆ పేరు చెప్పిన ఆటోవానికి ఒక్క క్షణము తోచలేదు, “టాటా ఇన్‌స్టిట్యూటా?” అని నవ్వి ఎక్కించుకొనెను. బెంగుళూరువారికి ఇప్పటికిని అది టాటావారి విద్యాలయమే. జంషెడ్‌జీ టాటాగారు సంకల్పించి, అది కార్యరూపము దాల్చకముందే 1904లో గతించిరి. మైసూరు సంస్థానమువారు నేల యిచ్చిరి. 1909లో సంస్థ వెలసినది. ఎత్తైన గోపురముతో రాతి భవనము, దాని ముంగిట టాటాగారి విగ్రహము. నాలుగువందల యెకరములనిండ చెట్లు. అప్పటికి తురాయి పూసియున్నది, త్రోవలన్నియు ఎఱ్ఱనై యుండెను.

ఈ స్థలమునకు మన స్త్రీలు తెలిసికొనదగిన కథ యొకటి కలదు. 1933లో బొంబాయి పట్టభద్రురాలైన కమలా భాగవత్ అను యువతి ఇచ్చట చేరగోరెను. మార్కులలో కొఱతలేదు. అప్పటి డైరెక్టరు, నోబెలు బహుమానమందిన సి.వి. రామన్‌గారు, స్త్రీ యను కారణమున నిరాకరించిరి. ఆమె వెనుదిరుగలేదు, ఎదుటికి వచ్చి వాదించి, పట్టుపట్టి కూర్చుండెను. తుదకు ఒక సంవత్సరము పరీక్షార్థముగా, తక్కిన విద్యార్థుల యేకాగ్రతకు భంగము కలిగింపరాదను నియమముతో చేర్చుకొనిరి. సంవత్సరాంతమున ఆమె పని చూచి రామన్‌గారు మెచ్చిరి. ఆ తరువాత స్త్రీలకు తలుపులు తెఱువబడెను. ఆమెయే తరువాత కేంబ్రిడ్జిలో 1939లో డాక్టరు పట్టమందిన కమలా సోహోనీ. విజ్ఞానశాస్త్రమున ఆ పట్టమందిన తొలి భారతీయ స్త్రీలలో నొకరు. ఈనాడు మన పిల్లలు లోనికి పోవు గదుల తలుపులు ఒకప్పుడు ఎట్లు మూసియుండెనో పిల్లలకు చెప్పుట మంచిది.

మఱియొకరు మన తెలుగింటి ఆడపడుచే. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో చెన్నపట్టణమున పుట్టిరి. పదునెనిమిదవ యేట, నాలుగు నెలల పసికందు ఒడిలో నుండగా భర్తను కోల్పోయిరి. తండ్రిగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన ప్రోత్సాహముతో అచ్చటనే చేరి, 1943లో విద్యుచ్ఛక్తి శాఖలో పట్టమందిరి. దేశమునందు ఇంజనీరింగు పట్టమందిన తొలి స్త్రీలలో ఆమెను లెక్కింతురు. పట్టాలో ‘అతడు’ అని ముందుగనే అచ్చయియుండగా, దానిని కొట్టివేసి ‘ఆమె’ అని దిద్దవలసి వచ్చినదట. తరువాత భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనులలో ఆమె హస్తము కలదు. ఈ కథను మేము రైలులో చెప్పితిమి. అమ్మాయిది ఆ శాఖయే గదా!

ఇంజనీరింగు ఇంటర్వ్యూ తీరు వేఱు. ఇచ్చట కొన్ని ఎం.టెక్. చదువులకు గేట్ మార్కులే చాలును, ఇంటర్వ్యూ లేదు. పరిశోధనతో కూడిన ఎం.టెక్.కును, పిహెచ్.డి.కిని మాత్రము ఇంటర్వ్యూ తప్పదు. కొన్ని శాఖలవారు ముందుగా వ్రాతపరీక్ష కూడ పెట్టుదురు. గదిలో ఇరువురు ముగ్గురు గాదు, నలుగురైదుగురు ఆచార్యులుండవచ్చును. నీ బలమేమి, నీ లోపమేమి అను మాటలుండవు. “నీకిష్టమైన పాఠ్యవిషయములు రెండు చెప్పుము” అందురు. చెప్పినంతనే సుద్దముక్క చేతికిచ్చి నల్లబల్ల చూపుదురు. గణితము, సంభావ్యత, శాఖలోని మూలసూత్రములు, వీనినుండి చిన్నచిన్న ప్రశ్నలు వచ్చును. సూత్రము అప్పజెప్పినచో, అది ఏల నిజమని అడుగుదురు. అది చెప్పినచో, దీనిలో ఈ ఒక్కటి మార్చినచో ఏమగునని అడుగుదురు. మెట్టు మెట్టుగా, తెలియని చోటివఱకు తీసికొనిపోవుదురు. తెలియని చోట పిల్ల యేమి చేయునో చూచుటయే వారి యభిప్రాయము. ఇది తెలియక, కడపటి ప్రశ్నకు జవాబు రాలేదని ఎందఱో పిల్లలు బయట కూర్చుండి విలపింతురు.

మా అమ్మాయిని మొదట గణితములో నొక ప్రశ్న యడిగిరి. ఆమెకు తోచలేదు. “తెలియదండీ” అనెను. “సరే, రెండు వరుసలు రెండు నిలువులు గల చిన్న లెక్క తీసికొని చూడుము” అని వారిలో నొకరు దారి చూపిరి. బల్లమీద వ్రాయుచు వ్రాయుచు పోగా అర్థమయ్యెనట. పిమ్మట మోటారు వంతు వచ్చినది. ఇండక్షన్ మోటారు చుట్టును తిరుగు అయస్కాంతక్షేత్రపు వేగమును తాను ఏల అందుకొనలేదని అడిగిరి. అందుకొన్నచో రెండింటికిని నడుమ భేదము పోవును, భేదము లేనిచో లోనితీగెలలో కరెంటు పుట్టదు, కరెంటు లేనిచో త్రిప్పుబలము లేదని ఆమె చెప్పెను. వోల్టేజి తగ్గినచో నేమగునన్నారు. త్రిప్పుబలము వోల్టేజి వర్గమును బట్టి యుండును గనుక, నూటికి 80 వంతుల వోల్టేజి వచ్చిన చోట బలము 64 వంతులకే దిగును. బరువు మాత్రము తగ్గదు. మోటారు వెనుకబడి, ఎక్కువ కరెంటు లాగుకొని, వేడెక్కి, తీగె మాడునని చెప్పెను.

“ఇది పుస్తకములో చదివితివా, చూచితివా?” అని అడిగిరట.

“చూశానండీ. మా బాబాయి బోరు మోటారు ఏటేటా ఇట్లాగే కాలిపోతుంది” అని, తాను గుర్తువేసికొనిన అంకెలు చెప్పెను. ఏ గంటకు ఎందఱు రైతులు ఒక్కసారి మోటార్లు వేయుదురో, అప్పుడు ముల్లు ఎంత దిగునో చెప్పెను. దీనికి నివారణమేమి యన్నారు. మోటారు దగ్గఱ కెపాసిటరు పెట్టినచో కొంత మేలనియు, దానితోనే తీరునో లేదో తనకు తెలియదనియు చెప్పెను. నలువది నిమిషములైనది. బయటకు వచ్చిన పిల్ల చేతులనిండ సుద్దపొడి.

ఈసారి మేము ఏమియు అడుగలేదు. తినుటకు ఏమి కావలెనని మాత్రము అడిగితిమి. తురాయి చెట్టు క్రింద కూర్చుండి చిత్రాన్నము తినుచు తానే అంతయు చెప్పెను.

ఇక తల్లులకు మేము చెప్పదలచినవి కొన్ని.

మొదటిది పత్రములు. పదవతరగతి, ఇంటర్, డిగ్రీ మార్కుల పట్టికల అసళ్ళు, నకళ్ళు, పిలుపు కాగితము, ఫోటో గల గుర్తింపుకార్డు, ఫోటోలు, ఉద్యోగము చేసినవారికి కంపెనీవారి పత్రము. ఓ.బి.సి., ఇ.డబ్ల్యూ.ఎస్. పత్రములు పాతవి చెల్లవు. పిలుపులో చెప్పిన తేదీలకు సరిపడునవి కావలయును. మండలాఫీసులో ఆలస్యమగును గనుక పరీక్ష వ్రాసిననాడే పనికి పూనుకొనవలెను.

రెండవది దుస్తులు. శుభ్రమైన నూలుచీరయో, సల్వారు కమీజో చాలును. ఎన్నడును కట్టని చీరను ఆనాడు క్రొత్తగా కట్టించి పంపరాదు. పిల్లకు బుద్ధి కుచ్చిళ్ళమీద నుండును. ఇంటర్వ్యూలు ఒక్కొక్కప్పుడు కంప్యూటరు ద్వారా ఇంటినుండియే జరుగుచుండును. అట్టినాడు ఆ గదిలోనికి ఎవ్వరును పోరాదు. కుక్కరు కూతలు, టీ.వీ. చప్పుడు ఆ గంట మానవలెను.

మూడవది డబ్బు. దీనిని దాచక పిల్లలతో మాటలాడవలెను. పేరుపొందిన ఐ.ఐ.ఎం.లలో రెండేండ్ల చదువునకు ఇరువది లక్షలకు పైగా ఖర్చగును. ఇట్టి విద్యాలయములలో సీటు వచ్చినవారికి బ్యాంకులు ఆస్తి తాకట్టు లేకయే అప్పిచ్చుచున్నవి. కాని అప్పు అప్పే. గేట్ ద్వారా ప్రభుత్వ విద్యాలయములలో ఎం.టెక్. చేరినవారికి తిరిగి నెలకు 12,400 రూపాయల వేతనము వచ్చును. ఏది మేలని మేము తీర్పు చెప్పము. వాణిజ్యవిద్యపై నిజముగా మనసున్న పిల్లకు ఆ అప్పు భారము కాదు. లెక్క మాత్రము పిల్లకు తెలియవలెను.

నాల్గవది, గేట్‌వారికి సీట్లు విడతలు విడతలుగా, ఐ.ఐ.టి.లకును విజ్ఞాన సంస్థకును కలిపి ‘కోయాప్’ అను ఒక్క చోటనే చూపుదురు. వచ్చిన సీటు స్థిరపఱచుకొనుటయో, ఉంచుకొని తరువాతి విడతకు వేచియుండుటయో, వదలుకొనుటయో గడువులోపల తెలుపవలెను. ఊరకున్నచో సీటు జాఱును. ఆ దినములలో పెండ్లిండ్లకు, యాత్రలకు పోవరాదు.

ఐదవది అన్నిటికంటె ముఖ్యము. బయటకు వచ్చిన పిల్లను వెంటనే ప్రశ్నింపరాదు. లోన ఒక ఇంటర్వ్యూ అయినది. వాకిట మఱియొకటి పెట్టరాదు.

ఐ.ఐ.ఎం.వారి జాబితాలో మా అమ్మాయి పేరు రాలేదు. విజ్ఞాన సంస్థలో పరిశోధనతో కూడిన ఎం.టెక్.లో సీటు వచ్చినది. బావగారు మొదట ఊరకుండిరి. తరువాత ఒకనాడు వచ్చి, ఆమెకు ప్రయాణపు పెట్టె యొకటి కొని యిచ్చి పోయిరి. ఇంటి అప్పు ఇంకను అట్లే యున్నది. దానిని ఎట్లో తీర్చుకొందుము.

ఆ రాత్రి మా అత్తగారు మనుమరాలిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, “ఇంతకూ వాళ్ళేమడిగారే?” అనిరి.

“రెండుచోట్లా ఒకటే అడిగారవ్వా. నీకేది ఇష్టమని.”

అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. తమలపాకు ఈనె తీయుచు, “అయితే పెండ్లిచూపుల వంటిది కాదులే” అనిరి.

ఈ ప్రశ్న ఎచ్చటనో దూరపుటూరిలో, పెద్దల యెదుట, మొదటిసారిగా మన పిల్లల చెవిని పడరాదు. రైలెక్కకముందే, మన వంటయింటిలో, మనమే అడిగియుండవలెను.